మన ఠాణా పుట్టుపూర్వోత్తరాలు

పోయిన సంవత్సరం మా చరిత్ర క్లాసులో ఒక అమ్మాయి రెండురోజులపాటు కనబడలేదు. మూడోనాడు వచ్చి, బస్సులో పర్సు కొట్టేశారనీ, అందులో పరీక్షఫీజు డబ్బుతోపాటు బాగుచేయించుకు రమ్మని వాళ్ళమ్మ ఇచ్చిన చెవిదుద్దులు కూడా ఉన్నాయనీ చెప్పింది. "కంప్లెయింటు ఇచ్చావా అమ్మా?" అని అడిగాను. "ఠాణాకు పొమ్మంటారా సార్? పర్సు పోయింది చాలదా!" అన్నది. క్లాసంతా గొల్లున నవ్వింది. నేను కూడా నవ్వాను.

ఇంటికి పోయి ఆలోచిస్తే ఆ మాటలో నవ్వవలసింది ఏమీ కనిపించలేదు. పోయిన సొమ్ము వెతికిపెట్టడానికే ప్రభుత్వం జీతమిచ్చి ఒక మనిషిని కూర్చోబెట్టింది. ఆ మనిషి దగ్గరకు వెళ్ళడం సొమ్ముపోవడాన్ని మించిన ఆపద అని చదువుకున్న పిల్ల ఒకతె నమ్ముతున్నది. ఆమె మాట విని నలభైమంది 'నిజమే' అన్నట్లు నవ్వారు. వాళ్ళలో స్టేషను గడప తొక్కినవాళ్ళు నలుగురైనా ఉంటారో లేదో! అనుభవం లేకుండానే ఈ భయం ఎక్కడినుంచి వచ్చింది? తాతతండ్రులనుంచి వచ్చింది. మరి వాళ్ళకెక్కడినుంచి వచ్చింది? జవాబు వెతుకుతూ పోతే రెండువందల యేళ్ళు వెనక్కు నడవవలసివచ్చింది. సంచికకు వ్యాసం కావాలని విద్యార్థిసంఘంవారు అడిగినప్పుడు ఆ నడకనే రాసి ఇస్తానన్నాను.

ముందుగా ఒక మనవి. "మనవాళ్ళింతే" అనే జవాబును నేను ఒప్పుకోను. మా మేనమామ ముప్పైమూడేళ్ళు పోలీసుశాఖలో పనిచేసి హెడ్‌కానిస్టేబులుగా రిటైరైనాడు. పండుగపూట ఇంట్లో భోంచేసిన సంవత్సరాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. చెడ్డమనిషి కాడు. కాని ఆయన యూనిఫారం తొడుక్కుని వీధిలోకి వస్తే వాకిళ్ళలో ఆడుకునే పిల్లలు లోపలికి పరుగెత్తేవాళ్ళు. మనిషి మంచిచెడ్డలతో తేలే సంగతి కాదిది. ఆ యూనిఫారం ఎవరు కుట్టించారు, ఎందుకు కుట్టించారు, అది తొడుక్కున్నవాడు ఎవరికి జవాబు చెప్పుకోవాలని పెట్టారు - ఇవీ చూడవలసినవి.

పోలీసు అనే మాట, గ్రీకులో నగరం అని అర్థమిచ్చే మాటనుంచి పుట్టి ఫ్రెంచిద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. ఫ్రాన్సులో 14వ లూయీ రాజు 1667లో పారిస్ నగరానికి లారెనీ అనే ఆయనను పోలీసు అధిపతిగా నియమించాడు. దొంగలను పట్టించడమే కాదు, వీధులు ఊడ్పించడం, దీపాలు పెట్టించడం, నగరానికి తిండిగింజలు సరిగా వస్తున్నాయో లేదో చూడడం కూడా ఆయన పనే. మన కోత్వాలు చేసిన పనీ ఇంచుమించు అదే. రాజుగారికి కళ్ళూ చెవులూగా ఉండడం కూడా అందులో చేరింది కనుక ఇంగ్లీషువాళ్ళకు ఆ మాటంటేనే గిట్టేది కాదు. పోలీసులుంటే స్వేచ్ఛ ఉండదని వాళ్ళ వాదం. కాబట్టి 18వ శతాబ్దమంతా లండన్‌లో పేటలవారీగా పెట్టుకున్న ముసలి కావలివాళ్ళతోనే కాలక్షేపం చేశారు. నవలారచయిత హెన్రీ ఫీల్డింగ్ మేజిస్ట్రేటుగా ఉండగా 1749లో కొద్దిమందిని కూడగట్టి దొంగలను పట్టించే ఏర్పాటు చేశాడు. 1798లో థేమ్స్‌ నదిలో ఓడల సరుకు కాయడానికి ఒక దళం ఏర్పడింది. అంతకుమించి ముందుకు పోలేదు.

1829లో హోంమంత్రి రాబర్ట్ పీల్ పార్లమెంటులో లండన్ పోలీసు చట్టం తెచ్చాడు. ఆ సంవత్సరం సెప్టెంబరు 29 సాయంకాలం కొత్త పోలీసులు వీధుల్లోకి వచ్చారు. మొత్తం వెయ్యిమంది దాకా ఉంటారు. పైన ఇద్దరు కమిషనర్లు: ఒకరు రోవన్ అనే సైనికాధికారి, మరొకరు మేన్ అనే బారిస్టరు. సైనికులది ఎర్రకోటు కనుక, ఆ పోలిక రాకూడదని పోలీసులకు నీలికోటు తొడిగించారు. నెత్తిన మామూలు పెద్దమనుషులు పెట్టుకునే పొడుగు టోపీ. చేతికి తుపాకి లేదు, కోటు తోకలో దాచిపెట్టిన చిన్న కర్ర మాత్రం ఉంది. ఎవడు తప్పుచేసినా గుర్తుపట్టడానికి వీలుగా మెడపట్టీమీద నెంబరు. ఈ ఏర్పాటంతా ఎందుకు? పక్కింటివాడే కాపలా కాస్తున్నాడని జనం అనుకోవాలి గనుక. పీల్ పేరు రాబర్టు, ముద్దుగా 'బాబీ'. ఆ పేరు పోలీసులకే స్థిరపడింది.

ఇదంతా చదివి లండన్‌వాళ్ళు పోలీసులకు పూలదండలు వేశారనుకోకండి. 1833లో ఒక సభను చెదరగొడుతుండగా కల్లీ అనే కానిస్టేబులు కత్తిపోటుకు చనిపోతే, విచారణ జరిపిన జూరీ అది న్యాయమైన హత్యే అని తీర్పు చెప్పింది. పైకోర్టు ఆ తీర్పును కొట్టేసిందనుకోండి, కాని జనం ఆ జూరీ సభ్యులను సత్కరించారు. ఆ కోపం తగ్గడానికి ఒక తరం పట్టింది. అన్నట్లు, 'పీల్ చెప్పిన తొమ్మిది సూత్రాలు' అని పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయే, అవి ఆయన రాసినవి కావు; 20వ శతాబ్దపు చరిత్రకారులు కూర్చినవి. పరీక్షలో రాసే విద్యార్థులు గుర్తుపెట్టుకుంటే మంచిది.

మన స్టేషనుకు మూలం లండన్‌లో ఉందని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే పాఠం చెప్పాను. అసలు మూలం ఐర్లండులో ఉంది. లండన్‌కు రాకముందు ఇదే పీల్ 1812నుంచి 1818దాకా ఐర్లండు వ్యవహారాల కార్యదర్శి. అక్కడ భూమి ఇంగ్లీషు జమీందార్లది, కష్టం ఐరిష్ కౌలురైతుది. కౌలు వసూళ్ళు, వెళ్ళగొట్టడాలు, రాత్రిపూట దాడులు. 1814లో పీల్ అక్కడొక శాంతిరక్షక దళం పెట్టాడు. 1822లో అది విస్తరించి, 1836లో దేశమంతటికీ ఒకే ఇన్‌స్పెక్టర్ జనరల్ కింద ఐరిష్ కాన్‌స్టాబ్యులరీగా స్థిరపడింది. వీళ్ళకు తుపాకులుండేవి. జనం మధ్య ఇళ్ళలో కాక బారకాసుల్లో ఉండేవారు. ఏ జిల్లా మనిషిని ఆ జిల్లాలో వేసేవారు కారు, చుట్టపక్కాల ముఖం చూసి చేయి వెనక్కు తీస్తాడని. పై అధికారి వేరే తరగతివాడు. కింది జవాను పేదింటివాడు. జనం అంగీకారంతో ఇక్కడ పనిలేదు. ప్రభుత్వం ఉందని జనానికి గుర్తుచేస్తుంటే చాలు. ఒకే మనిషి పదిహేనేళ్ళలో రెండు రకాల పోలీసులను తయారుచేశాడు: ఓట్లున్న తన జనానికి ఒకటి, లొంగదీయవలసిన జనానికి ఇంకొకటి. మన దేశానికి ఏది తగునని ఇంగ్లీషువాళ్ళు అనుకుని ఉంటారో ఎవరూ చెప్పనక్కర్లేదు. 1843లో సింధును గెలిచిన చార్లెస్ నేపియర్ అక్కడ పోలీసుదళం పెట్టినప్పుడు ఐర్లండు నమూనానే ముందుపెట్టుకున్నాడు.

ఇక మన జిల్లాలకు వద్దాం. పాతకాలంలో ఊరి కావలి తలారిది. ఊళ్ళో దొంగతనం జరిగితే జాడ తీయడం అతని పూచీ. జాడ పొరుగూరి పొలిమేర దాటితే ఆ ఊరి కావలివాడికి అప్పగించడం ఆచారం. సొమ్ము దొరక్కపోతే కావలి రుసుము తిన్నవాడే చెల్లించాలి. రాయలసీమలో ఈ కావలి హక్కులు పాళెగాళ్ళ చేతుల్లో పడి, కాయవలసినవాడే దోచుకునే స్థితి వచ్చింది. కనుక పాతకాలమంతా స్వర్ణయుగమని నేననడం లేదు. తలారి కూడా ఊళ్ళో అందరికంటే అడుగున ఉన్నవాడే. పెద్దరైతు దొంగ అయితే అతనేం జాడ తీయగలడు? అయితే ఒక్కటి చెప్పుకోవాలి: తలారి ఊరివాడు. సొమ్ము పోయినవాడు వాడిని నిలదీసి అడగగలిగేవాడు.

కంపెనీవారు 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో దరోగాలను పెట్టారు. అది పొసగలేదు. 1816లో, మన్రో సలహాలమీద, దరోగాలను తీసేసి పోలీసు అధికారమంతా కలెక్టరుకు, ఆయన కింద తాసీల్దారుకు, ఊళ్ళో మునసబుకు, తలారికి అప్పగించారు. చౌకలో పని జరిగింది, మాట కూడా బాగానే ఉంది. కాని ఫలితమేమిటి? శిస్తు వసూలుచేసేవాడూ, మనిషిని పట్టి నిర్బంధించేవాడూ ఒకడే అయినాడు. శిస్తు కట్టలేని రైతు ఎవరిమీద ఫిర్యాదు చేయాలో ఆ తాసీల్దారు కచేరీలోనే చేసుకోవాలి.

1854లో బ్రిటిష్ పార్లమెంటులో ఈ సంగతి గొడవ కావడంతో మద్రాసులో ముగ్గురు సభ్యుల విచారణ సంఘం వేశారు. 1855లో వచ్చిన ఆ నివేదిక 'టార్చర్ కమిషన్ రిపోర్టు'గా ప్రసిద్ధం. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. దాదాపు రెండువేలమంది స్వయంగా వచ్చో, అర్జీలు పంపో తమ గోడు చెప్పుకున్నారు. వేళ్ళను రెండు చెక్కలమధ్య పెట్టి నొక్కే కిట్టి, మెడ వంచి కాలి బొటనవేళ్ళకు తాడుతో బిగించి ఎండలో ఉంచడం, కళ్ళలో మిరపకారం - చదువుతుంటే మనసు చెడిపోతుంది. కొన్ని రూపాయల శిస్తు బాకీకి కూడా ఇవి జరిగాయి. లండన్‌లో ఉన్న కార్ల్ మార్క్స్ 1857లో న్యూయార్కు పత్రికలో దీనిమీద ఒక వ్యాసమే రాశాడు. తప్పంతా కింది నేటివు ఉద్యోగులదే, దొరల దాకా ఇది పోదు అన్నట్లుగా సంఘం తేల్చింది. దొరలు ఆ వసూళ్ళ లెక్కలే చూసి ప్రమోషన్లు పుచ్చుకునేవారని మనం కలుపుకోవాలి. అయినా రోగం ఎక్కడుందో సంఘం సరిగ్గానే పట్టుకుంది: వసూలూ, పోలీసూ ఒకే చేతిలో ఉండరాదు.

దాని ఫలితమే 1859 నాటి 24వ నెంబరు చట్టం, మద్రాసు పోలీసు చట్టం. తాసీల్దారు చేతినుంచి పోలీసును విడదీసి, విలియం రాబిన్‌సన్ అనే సివిలియను కింద ప్రత్యేక శాఖగా పెట్టారు. పైన ఇన్‌స్పెక్టర్ జనరల్, జిల్లాకొక సూపరింటెండెంటు, వాళ్ళకింద ఇన్‌స్పెక్టర్లు, హెడ్‌కానిస్టేబుళ్ళు, కానిస్టేబుళ్ళు - ఈనాడు మనం చూస్తున్న నిచ్చెన అప్పుడు వేసిందే. ఈలోగా 1857 తిరుగుబాటు జరిగిపోయింది. మళ్ళీ అలాంటిది రాకుండా చూడడమే ప్రభుత్వానికి మొదటిపని అయింది. 1860లో దేశమంతటికీ పోలీసు కమిషన్ వేసి, రాబిన్‌సన్‌ను కూడా సభ్యుడిగా తీసుకుని, 1861లో 5వ నెంబరు పోలీసు చట్టం చేశారు. ఆ చట్టం 23వ సెక్షనులో పోలీసు ఉద్యోగి విధులు చెప్పిన వరుస గమనించండి. అధికారుల ఉత్తర్వులు వెంటనే అమలుజరపడం మొదటిది. ప్రజాశాంతికి సంబంధించిన సమాచారం సేకరించి పైకి తెలపడం రెండోది. నేరాలు జరగకుండా ఆపడం, నేరస్థులను పట్టుకోవడం ఆ తరువాతవి. మా పర్సు పోయిన పిల్ల ఆ వరుసలో ఎక్కడో చివర నిలబడుతుంది.

చిత్రమేమిటంటే, కిట్టి పట్టుకున్న చేతిని మార్చారే గాని ఆ చేయిని అడిగే హక్కు రైతుకు ఇవ్వలేదు. కానిస్టేబులు హెడ్డుకు జవాబుదారీ, హెడ్డు ఇన్‌స్పెక్టరుకు, ఇన్‌స్పెక్టరు దొరకు, దొర సర్కారుకు. చూపంతా పైకే. అసలు ఆ సర్కారుకే తన పోలీసులమీద నమ్మకం లేదు. అందుకు సాక్ష్యం వాళ్ళ చట్టంలోనే ఉంది: పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదని 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడులోనే రాసుకున్నారు. 1872లో ఆ సూత్రం సాక్ష్య చట్టం 25వ సెక్షనుగా మారింది. ఆ చట్టం తయారుచేసిన స్టీఫెన్ దొరకు ఒక అధికారి, హింస క్రూరత్వంవల్ల కంటే బద్ధకంవల్ల ఎక్కువ జరుగుతుందని చెప్పాడట. సాక్ష్యాలకోసం ఎండలో పడి తిరగడం ఎవరికి ఇష్టం? లండన్ పోలీసుకు చెప్పిన మాట అక్కడి కోర్టులో, స్వచ్ఛందంగా చెప్పిందైతే, చెల్లుతుంది. మన పోలీసుకు చెప్పింది చెల్లదు. శాఖను స్థాపించినవాళ్ళే రాసిపెట్టిన అపనమ్మకం ఇది. మా క్లాసులో వినిపించిన నవ్వు దీనికి చాలా తరువాతిది.

దానికొక సందు కూడా మిగిల్చారు. ముద్దాయి చెప్పిన మాటవల్ల ఒక వస్తువు దొరికితే, ఆ మేరకు మాట చెల్లుతుంది - అది 27వ సెక్షను. 'రికవరీ' అనే మాట స్టేషను భాషలో ఎందుకంత బరువైందో దీనివల్ల తెలుస్తుంది. ఆ సందు ఎంత వెడల్పుండాలో 1946లో ప్రివీ కౌన్సిలు తేల్చిన కేసు మన గుంటూరు ప్రాంతంనుంచి పోయిందే. పులుకూరి కోటయ్య కేసు అంటే దేశంలో లా చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు.

ఐర్లండు నమూనా అంటే మన మన్యంలో ఏమిటో చూడండి. 1879 రంప పితూరీకి కల్లు పన్నుతోపాటు, వ్యాపారుల కోర్టు డిక్రీలకు కొమ్ముకాసిన పోలీసుల జులుం కూడా కారణం. పితూరీ అణిగింది, ఠాణాలు మిగిలాయి. అడవిలో ఠాణా అంటే తుపాకులూ తూటాలూ నిల్వచేసిన కోట. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి - అల్లూరి సీతారామరాజు వరుసగా మూడు స్టేషన్లమీద పడ్డాడంటే అందులో కోపమొక్కటే లేదు, లెక్క ఉంది. మన్యంలో తుపాకులు దొరికేది అక్కడే. ఏమేమి తీసుకున్నాడో రాసి సంతకం పెట్టి పోయాడన్నది ప్రసిద్ధం. మాప్పిళ్ళ తిరుగుబాటు తరువాత ఏర్పడిన మలబారు స్పెషల్ పోలీసులను ఆయనమీదికి తెచ్చారు. 1924 మే 7న ఆ కథ కొయ్యూరు దగ్గర ముగిసింది. ఇందులో నాకు వింతగా తోచే సంగతి ఒకటుంది. అదే 1922లో ఐర్లండు స్వతంత్రమై, అక్కడి ఆ సాయుధ పోలీసుదళం రద్దయింది. దాని స్థానంలో ఐరిష్‌వాళ్ళు తుపాకుల్లేని పోలీసును పెట్టుకున్నారు. అచ్చు పోసిన దేశం అచ్చును పారేసింది. మనం పోతపోసుకున్న వస్తువును ఇప్పటికీ వాడుతున్నాం.

ఈ శాఖ జనాన్ని చూసే చూపుకు ఇంకొక గుర్తు స్టువర్టుపురం. పుట్టుకతోనే కొన్ని కులాలవారు నేరస్థులని తేల్చిన 1871 చట్టాన్ని 1911లో మద్రాసుకు కూడా వర్తింపజేశారు. తరువాత ఒకటి రెండేళ్ళలో బాపట్ల దగ్గర ఎరుకలవారికి ఒక సెటిల్‌మెంటు పెట్టి, మద్రాసు ప్రభుత్వ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. ఆ చట్టం 1952లో పోయింది. ఊరిపేరుతో వచ్చిన అనుమానం మాత్రం పోలేదని అక్కడ పుట్టి చదువుకున్నవారు చెబుతారు.

తెలంగాణ దారి వేరు, కాని చేరింది అక్కడికే. హైదరాబాదు నగరానికి కోత్వాలు, జిల్లాలకు మొదటి సాలార్‌జంగు సంస్కరణలతో వచ్చిన పోలీసుశాఖ. సబ్‌ఇన్‌స్పెక్టరును అమీను అనేవారు. మా ఊళ్ళో ముసలివాళ్ళు మొన్నమొన్నటిదాకా 'అమీనుసాబ్' అనే పిలిచారు. నగర కోత్వాలుగా 1920నుంచి 1934దాకా పనిచేసిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పేరు రెడ్డి హాస్టలువల్ల విద్యార్థిలోకానికి తెలిసిందే. ఊళ్ళలో మాత్రం దేశ్‌ముఖు గడీకీ, ఠాణాకూ దూరం తక్కువ. రైతాంగ పోరాటపు రోజులనాటి అనుభవాలు వేరే వ్యాసానికి సరిపోతాయి. 1948 సెప్టెంబరులో భారతసైన్యం హైదరాబాదులో ప్రవేశించినప్పుడు ఆ చర్యకు 'పోలీసు యాక్షన్' అని పేరుపెట్టారు. నడిపింది సేనాధిపతులు, వచ్చింది ట్యాంకులు. పేరు మాత్రం పోలీసుది. 1956 నవంబరు 1న రెండు ప్రాంతాలు కలిసినప్పుడు రెండు పోలీసు చట్టాలూ పక్కపక్కన నిలిచాయి: అటు 1859 మద్రాసు చట్టం, ఇటు 1329 ఫసలీ నాటి నిజాం చట్టం. నగరానికి 1348 ఫసలీ చట్టం వేరే. ఎన్ని సవరణలు జరిగినా పునాది ఇప్పటికీ అవే. 1983లో విజయవాడ, విశాఖపట్నం నగరాలకు కమిషనర్లు వచ్చారు. మేజిస్ట్రేటు అధికారాలు కొన్ని పోలీసు చేతికే వచ్చే పద్ధతి అది.

శాఖ బాగులేదని మొదట అన్నది మనం కాదు. 1902-03లో ఫ్రేజర్ కమిషన్, సమర్థత లేదు, తర్ఫీదు లేదు, జనం దృష్టిలో ఇది లంచగొండి, పీడించే శాఖ అని కుండబద్దలు కొట్టింది. ఎస్‌ఐలను నేరుగా తీసుకోవడం, డిప్యూటీ సూపరింటెండెంట్లు, రాష్ట్రానికొక సి.ఐ.డి. - ఇవన్నీ ఆ కమిషన్ సలహాలే. నిచ్చెనకు మెట్లు పెరిగాయి. నిచ్చెన మొగం మాత్రం తిరగలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక జరగవలసింది అదే కదా, ఎందుకు జరగలేదు? నాకు తోచిన కారణం చిన్నది. ఇంగ్లీషువాడు దిగిన కుర్చీలో కూర్చున్నవాడికి ఆ నిచ్చెన అచ్చంగా అక్కరకొచ్చింది. అన్ని పార్టీలకూ అక్కరకొచ్చింది. ఎమర్జెన్సీలో అది ఎంతదూరం పోగలదో చూశాక 1977లో ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ వేశారు. 1979-81 మధ్య ఎనిమిది నివేదికలు వచ్చాయి. మొదటి నివేదికలోనే కానిస్టేబుళ్ళ సంగతి ఎత్తుకున్నారు: చెప్పింది చేసే మరమనిషిగా కాక, ఆలోచించి పనిచేసే ఉద్యోగిగా వాళ్ళను తయారుచేయాలని. మా మేనమామ ఆ రోజుల్లోనే చేరాడు. సెలవు దొరకదు, డ్యూటీకి గంటలు లేవు, సంఘం పెట్టుకుందామంటే 1966 చట్టం అడ్డం. "పైవాడు నన్ను అరే అంటాడు, నేను ఎవర్ని అనాలిరా?" అని ఒకసారి నవ్వుతూ అన్నాడు. ఎవర్ని అంటాడో మా వాకిట్లోని పిల్లలకు తెలుసు.

ఆ కమిషన్ పని మొదలుపెట్టిన మరుసటి సంవత్సరమే, 1978లో, హైదరాబాదు నల్లకుంట స్టేషనులో ఒక పేద ముస్లిం స్త్రీమీద అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని కుదిపేశాయి. కర్ఫ్యూలు, కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది. కేసు కర్ణాటకకు బదిలీ అయి, అక్కడి కోర్టులో వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. దీనితోపాటు మరికొన్ని కేసులు రేపిన ఆందోళనవల్లనే 1983లో అత్యాచార చట్టం మారి, కస్టడీలో జరిగే నేరానికి ప్రత్యేక శిక్ష వచ్చింది. మా క్లాసు అమ్మాయి అప్పటికి పుట్టనేలేదు. కాని ఆమె అమ్మమ్మకు పత్రికలు చదవకపోయినా ఈ కబురు తెలిసే ఉంటుంది.

ధర్మవీర నివేదికలు బీరువాలో ఉండిపోతే, రిటైరైన పోలీసు అధికారి ప్రకాశ్‌సింగ్ సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2006 సెప్టెంబరు 22న కోర్టు ఏడు ఆదేశాలిచ్చింది: పోలీసు అధిపతికి కనీసం రెండేళ్ళ పదవీకాలం, దర్యాప్తును శాంతిభద్రతలనుంచి విడదీయడం, పోలీసులమీద ఫిర్యాదులు వినడానికి ప్రత్యేక సంస్థ వగైరా. అంతకుముందు 1996లో డి.కె. బసు కేసులో అరెస్టు నియమాలు, 2020లో స్టేషన్లలో కెమెరాలు పెట్టాలన్న ఆదేశం - అన్నీ కోర్టు చెప్పగా వచ్చినవే, శాసనసభలు తమంతట అనుకుని తెచ్చినవి కావు. 2024 జూలై 1నుంచి ఇంగ్లీషువాళ్ళ నాటి మూడు క్రిమినల్ చట్టాలు పోయి కొత్తవి వచ్చాయి. పాత 25వ సెక్షను కొత్త సాక్ష్య చట్టంలో 23వ సెక్షనుగా, 27వ సెక్షను దాని తోకగా పదిలంగా ఉన్నాయి. అంటే 1861లో పెట్టుకున్న అపనమ్మకాన్ని 2024లో కూడా తీసేయడానికి ధైర్యం చాలలేదు. నా అభిప్రాయంలో తీయకపోవడమే మంచిదయింది. 1861 పోలీసు చట్టాన్ని మాత్రం ఆ ఊపులో ఎవరూ ముట్టుకోలేదు.

పాఠం అయ్యాక ఆ అమ్మాయికి చట్టం చెప్పాను. కాగ్నిజబుల్ నేరం జరిగిందని చెబితే ఎఫ్.ఐ.ఆర్. రాయక తప్పదని 2013లో సుప్రీంకోర్టు అన్నది. కొత్త కోడు 173వ సెక్షను ప్రకారం ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు, ఫోనులోంచి పంపి మూడురోజుల్లో సంతకం చేయవచ్చు, కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే పై అధికారికి రాతమూలకంగా పంపాలి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు. వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళింది. అక్కడివాళ్ళు మర్యాదగానే మాట్లాడారట, కూర్చోమన్నారట. కాని కాగితంమీద 'పర్సు దొంగిలించారు' అని కాక 'పర్సు పోగొట్టుకున్నాను' అని రాయించుకున్నారు.

"అట్లా ఎందుకు సార్?" అని అడిగింది.

దొంగతనమని రాస్తే స్టేషను నేరాల లెక్క పెరుగుతుంది. నెలనెలా మీటింగులో పైవాళ్ళు ఆ లెక్క చూస్తారు. పోగొట్టుకున్నదైతే లెక్కలోకి రాదు. మా మేనమామ ఎప్పుడో చెప్పిన సంగతే ఇది. అదే ఆమెకు చెప్పాను. కాసేపు ఆలోచించి, 'దొంగిలించారు' అనే మాటతోనే ఇంకొక కాగితం రాసి పై అధికారికి స్పీడ్‌పోస్టులో పంపింది. అందినట్లు ఫోనుకు మెసేజి వచ్చింది. దుద్దులు ఇంకా దొరకలేదు.